సువ్వి అంటే ఏమిటండీ?

దంపుళ్ల పాటలను పుస్తకంలో చదివినవాళ్లు తరచూ ఒక మాటంటారు: "భావం బాగానే ఉంది గానీ, పాదపాదానికీ ఆ 'సువ్వి, సువ్వి' ఏమిటండీ, విసుగు!" విసుగు పుట్టే మాట నిజమే. కానీ అది పాట తప్పు కాదు, కూర్చుని చదవడంలో వచ్చిన చిక్కు.

సువ్వి అర్థం కోసం పుట్టిన మాట కాదు. రోకలి ఎత్తేటప్పుడు పీల్చిన గాలి వేటుతో బయటికొస్తుంది. ఆ ఊపిరికి అక్షరాలు తొడిగితే సువ్వి. ఒకే రోట్లో ఇద్దరు ఎదురెదురుగా దంచుతుంటే, ఒకరి రోకలి దిగేసరికి రెండోవారిది లేవాలి. లయ తప్పిందా, రోకలికి రోకలి తగిలి చేతులు జివ్వుమంటాయి. అంచేత అది అలంకారం కాదు, కాపలా. 15వ శతాబ్దంలో అన్నమాచార్యులు సువ్వి పాటలు కట్టారంటే, ఈ రోటి చప్పుడు ఆయన చెవినెంత పట్టి ఉండాలి!

తిరగలిది వేరే నడక. వేటు లేదు, తిప్పుడే. అందుకే కాబోలు, విసురుతూ సీతమ్మ కష్టాల్లాంటి పెద్ద కథలు తీరిగ్గా పాడుకునేవారు. మధ్యలో గింజ అయిపోతే రాళ్ల చప్పుడు మారేది. చెయ్యి దానంతటదే మరో గుప్పెడు వేసేది.

మిల్లు వచ్చింది, తర్వాత మిక్సీ. భుజాల నొప్పి ఎరిగిన ఏ ఇల్లాలూ వాటిని తిట్టదు, నేనూ తిట్టను. (కూలికి దంచి పొట్టపోసుకున్న ఆడవాళ్ల సంగతి వేరు. మిల్లు వాళ్ల పాటతో పాటు కూలి గింజలూ పట్టుకుపోయింది.) అయితే పచ్చడి కచ్చాపచ్చాగా ఉందో, మెత్తనైపోయిందో ఇప్పుడు చేతికి తెలియదు. ఆపి, మూత తీసి చూడాలి. ఆ హోరులో పాట మాట అటుంచి, పక్కగదిలోంచి పిలిచినా వినబడదు.

అలా పాట చేతిని విడిచి కాగితమెక్కింది. 1958లో అచ్చయిన బిరుదురాజు రామరాజుగారి "తెలుగు జానపద గేయ సాహిత్యము" ఇలాంటి పాటలకు పండితుల మధ్య పీట వేసింది. ఆ ఋణం తీరేది కాదు. సినిమావాళ్లూ వదల్లేదు. 1986 నాటి "స్వాతిముత్యం"లో సువ్వితో మొదలయ్యే పాట వినడానికెంతో హాయి. నా పేచీ అల్లా పాటలు రాసుకోవడానికి వచ్చే కొందరితో. మాటలు దింపుకుంటారు, వేటు ఏ అక్షరం మీద పడుతుందో గుర్తు పెట్టుకోరు.

పెద్దవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి పాడమంటే రెండు చరణాలకే "ఆపైన గుర్తులేదే అమ్మా" అంటారు. మా పెద్దత్తయ్యా అంతే. మొన్న పెళ్లిపసుపు దంచడానికి రోకలి చేతికిస్తే, నాలుగో వేటుకల్లా మూడో చరణం అందుకుంది. తర్వాతివి రాసుకుందామంటే, రెండో రోకలి నా చేతిలో ఉంది.