అపరాధ పరిశోధక కథ - పరిచిత స్థలము

తానెఱిగిన వీధి కథలో కనిపించినప్పుడు పాఠకునకు కలుగు సంతోషమును విమర్శకులు చులకనగా చూచుట కలదు. అది స్వస్థలాభిమానమే కాని సాహిత్యానందము కాదని వారి వాదము. ఈ వాదమెంతవరకు నిలుచునో ఒక్క కథ నాధారముగా గొని పరిశీలింతము.

శరదిందు బందోపాధ్యాయ 1932లో వ్రాసిన ‘పథేర్ కాంటా’ (దారిలోని ముల్లు) వ్యోమకేశ బక్షి కథలలో తొలినాటిది. కలకత్తా వీధులలో నడచిపోవువారు ఉన్నట్టుండి కూలి మరణించుచుందురు. వారి గుండెలో గ్రామఫోను ముల్లు కానవచ్చును. తుపాకి మ్రోత వినినవారు లేరు. మఱియొకవంక, దారిలోని ముల్లును తొలగించుకొన గోరువారు శనివారము సాయంకాలము వైట్‌వే లెయిడ్లా దుకాణపు మూలనున్న దీపస్తంభముపై చేయి వైచి నిలువవలెనని పత్రికలో ప్రకటన వచ్చుచుండును. చౌరంగీలోని ఆ దుకాణము నాటి నగరవాసులకు సుపరిచితము.

హంతకుడు సైకిలుపై వచ్చును. అతని ఆయుధము సైకిలు గంటలోనే యున్నది. బాటసారిని హెచ్చరింపవలసిన గంటయే వాని ప్రాణము తీయును. ముల్లు వెలువడు చప్పుడు ఆ మ్రోతలో నణగిపోవును. ఇచ్చట వీధి కథకు కేవలము నేపథ్యము కాదు. జనసమ్మర్దము హంతకుని దాచినది. గంట యొక్క సామాన్యత ఆయుధమును దాచినది. నిర్జనమైన కోటలో ఈ హత్య పొసగదు. పరిచిత స్థలము పాఠకునకు తొలుత నమ్మకము నిచ్చి, పిదప ఆ నమ్మకమునే శంకకు గురిచేయును. ఈ కథలోని ఆనందమునకు మూలమిదియే.

అట్లైనచో కలకత్తాను చూడని తెలుగు పాఠకుని మాట యేమి? అతనికి దీపస్తంభమును గుర్తించు సంతోషము లేదు. కాని సైకిలు గంటను అతడెఱుగును. కావున పరిచయము రెండు విధములు: స్థలపరిచయము, జీవనపరిచయము. మొదటిది కాలముతో క్షీణించును. ఆ దుకాణము నేడు లేదు. వ్యోమకేశుడు నివసించిన హారిసన్ రోడ్డు మహాత్మాగాంధీ రోడ్డైనది. రెండవది నిలుచును.

మదరాసు నేపథ్యముగా కొమ్మూరి సాంబశివరావు వ్రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలను పరిశీలించు విద్యార్థి వీధుల పేరులను లెక్కించి తృప్తినొందరాదు. ఈ నేరము వేఱొక యూరికి తరలించినను యథాతథముగ సాగునా యని ప్రశ్నింపవలెను. సాగినచో ఊరు అలంకారమాత్రము. సాగనిచో అది కథకు ప్రాణము.