ఇంజనుకు మన ఎండ చలే

మా చిక్కడపల్లి వైపు కార్లు ఎంత దూరం తిరుగుతాయి? పొద్దున్నే వాకింగుకి అశోక్‌నగర్ నుంచి ఇందిరా పార్కు దాకా. సాయంత్రం కచేరీ ఉంటే త్యాగరాయ గానసభ. ఆదివారం నారాయణగూడలో చుట్టాలిల్లు. ఏదీ రెండు మూడు కిలోమీటర్లు దాటదు. 2020లో మెట్రో వచ్చాక మా అపార్ట్‌మెంట్‌లో దూరాలు వెళ్ళేవాళ్ళు రైలెక్కేస్తున్నారు, బండికి ఈ దగ్గర తిరుగుళ్ళే మిగిలాయి. ఇలా తిరిగే బండిలో మీరు పదిలంగా చూసుకోవాల్సిన పార్టు ఏదంటే థర్మోస్టాట్ అంటాను. మన ఊళ్ళో చాలామంది ముందుగా పీకి పారేసేదీ దాన్నే.

“గీ ఎండలకు అదెందుకు సార్, తీసేస్తే ఇంజన్ సల్లగుంటది.” ఈ మాట ఎన్ని షెడ్లలో విన్నానో. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పెట్రోలు ఇంజనుకు కావలసింది 90 డిగ్రీల దరిదాపు వేడి. మే నెలలో మనం అల్లాడిపోయే 42 డిగ్రీలు దానికి చలే. చల్లటి ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. సిలిండరు గోడలకు అంటుకుని, అక్కడి ఆయిల్‌ని కడిగేసి, రింగుల పక్కనుంచి కిందికి దిగుతుంది. మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కూడా బయటికి పోకుండా ఆయిల్లో కలుస్తుంది. అలాంటి బండి ఆయిల్ మూత తిప్పి చూడండి, లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తుంది. హెడ్ గాస్కెట్ పోయినా అలాగే ఉంటుంది కాబట్టి, కూలెంట్ తగ్గుతోందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. కంప్యూటరున్న బండ్లయితే ఇంజను ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటాయి. మైలేజీ పడిపోయిందని మనం బంకు వాణ్ణి అనుమానిస్తాం.

థర్మోస్టాట్‌లో కరెంటు లేదు, వైరు లేదు. ఇత్తడి గిన్నెలో మైనం, మధ్యలో సన్నటి కడ్డీ, చుట్టూ స్ప్రింగు. మైనం కరిగితే ఉబ్బి వాల్వుని తెరుస్తుంది, చల్లబడితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. మూసి ఉన్నంతసేపూ నీళ్ళు ఇంజనులోనే తిరిగి తొందరగా వేడెక్కుతాయి, తెరుచుకున్నాక రేడియేటరుకు పోతాయి. 1930ల్లో సెర్జియస్ వెర్నే అనే ఆయన చేసిన ఈ మైనం ఏర్పాటే నేటికీ చాలా కార్లలో నడుస్తోంది. ఇంత చిన్న వస్తువు ఇన్నేళ్ళుగా ఎవరి ఆజ్ఞా అక్కర్లేకుండా పనిచేసుకుపోవడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

దాని మీద 82 అనో 88 అనో అంకె కొట్టి ఉంటుంది. వాల్వు తెరుచుకోవడం మొదలయ్యే డిగ్రీ అది. కొనేటప్పుడు చాలామంది అడిగేది, “మనది వేడి ఊరు కదా, తక్కువ అంకెది వేస్తే మేలు కాదా?” అని. కాదు. బండి హీటెక్కే వేళకి ఏ అంకెదైనా పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. థర్మోస్టాట్ చూసుకునేది వేడి ఎంతకన్నా తగ్గకూడదన్నదే. పెరగకుండా చూసేవి రేడియేటరు, ఫ్యాను, వాటర్ పంపు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నల్లో సూది ఎర్రగీత వైపు పోతుంటే ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. బండితో ఏ అంకెది వచ్చిందో అదే కొనండి.

ఈమధ్య మా వీధి మాస్టారి పాత కారులో సూది అడుగు గీత దాటి లేవడం లేదు. మూత విప్పి చూస్తే థర్మోస్టాట్ ఉంది, కానీ బోరు నీళ్ళు పోసీ పోసీ తెల్లటి ఉప్పు పట్టేసి, సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. కొత్తది తెచ్చాక వెంటనే బిగించనివ్వలేదు నేను. ముందు పొయ్యి మీద చూద్దాం అన్నాను. వాల్వుని కొంచెం నొక్కి సందులో దారం ఇరికించి, గిన్నె అడుగుకు తగలకుండా నీళ్ళలో వేలాడదీశాం. పక్కనే ల్యాబు థర్మామీటరు, జ్వరం చూసేది పనికిరాదు. మంట సన్నగా పెట్టి నీళ్ళు కలుపుతూ ఉన్నాం. 82 దాటీ దాటగానే వాల్వు దారాన్ని వదిలేసింది, టప్‌మని గిన్నెలో పడింది. మాస్టారు మళ్ళీ ఒకసారి చేయించారు.

ఇక్కడ హైదరాబాదు వాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. మన ఊరు సముద్రానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి నీళ్ళు ఇంచుమించు 98 డిగ్రీలకే మరుగుతాయి. 82ది సుమారు 95కి పూర్తిగా విప్పుకుంటుంది, కనుక గిన్నెలో చూడొచ్చు. 88ది పూర్తిగా తెరుచుకోవడానికి వందా ఆ పైన కావాలి. మరిగే నీళ్ళలో కూడా అది కొంత మూసుకునే ఉంటే పాడైనట్టు కాదు. బండిలో ప్రెజరు మూత ఉంటుంది, కూలెంట్ ఉంటుంది, అక్కడ నీళ్ళు వంద దాటినా మరగవు.

తీసేసే మెకానిక్కుల మీద నాకు కోపం లేదు. సాయంత్రానికల్లా బండి కావాలంటాం, సరైన పార్టు కోసం రాణీగంజ్ దాకా పోయిరావడానికి టైమివ్వం, మరిగించి చూసినందుకు రూపాయి ఇవ్వం. అతను డైరెక్టు చేసి పంపించేస్తాడు. ఆ పరీక్షకు పట్టిన సమయానికి కూలి విడిగా ఇవ్వాలని నా పట్టు. పార్టు ఖరీదు చాలా బండ్లకు వందల్లోనే, హెడ్డు విప్పితే వేలు.

ఇక బిగింపు. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత ముట్టాలి. మైనం గిన్నె ఇంజను వైపు ఉండాలి. అంచున చిన్న బెజ్జంలో వదులుగా ఆడే మేకు ఉంటే, చాలా బండ్లలో అది పైకి రావాలి, ఇరుక్కున్న గాలి అందులోంచే పోతుంది. పాత ప్యాకింగు ముక్కలు అల్యూమినియం మీద గీత పడకుండా గీకి, కొత్త ప్యాకింగు వేసి, రెండు బోల్టులూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. కూలెంట్‌ని బోరు నీళ్ళలో కాదు, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి నిదానంగా పోసి, హీటరు పూర్తిగా తిప్పి, పై పైపు వేడెక్కి ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజను నడపాలి. మర్నాడు పొద్దున, బండి తీయకముందు, మట్టం మళ్ళీ చూడాలి. గాలి పోయిన చోట కూలెంట్ దిగి ఉంటుంది, తగ్గినంతా పోయాలి.