హాజరుపట్టీలో లేని ఫార్వర్డ్

2023లో ఆరు నెలల తేడాతో ఇద్దరు ఫార్వర్డ్‌లు కన్నుమూశారు. ఫిబ్రవరి 16న కోల్‌కతాలో తులసీదాస్ బలరాం, ఆగస్టు 15న హైదరాబాద్‌లో మహమ్మద్ హబీబ్. బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టి, బెంగాల్‌కు వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. హబీబ్ ఇక్కడ ఆడినన్నాళ్ళు ఆడి సొంత ఊరికి వెళ్ళిపోయాడు. ఇద్దర్నీ జంటనగరాల కంటే కోల్‌కతా మైదాన్ పెంచి పెద్ద చేసింది. పత్రికలు ఇద్దరికీ దాదాపు ఒకే రకం నివాళి రాశాయి: ఎన్ని గోల్స్, ఏ కప్పులు, ఏ పురస్కారాలు, ప్రభుత్వం ఎంత పట్టించుకోలేదు. ఇద్దర్నీ వేరు చేసిన ఒక సంగతి మాత్రం ఆ రాతల్లో ఒక వాక్యంగా వచ్చి పోయింది. బలరాంకు రైల్వేలో ఉద్యోగం ఉండేది. హబీబ్ ఈ ఊళ్ళో ఆడినన్నాళ్ళూ, ఉద్యోగాలు ఇస్తామని పిలిచినా వద్దని, బంతినే నమ్ముకున్నాడు. మన దేశంలో తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడని అతన్ని అంటారు. పొగడ్తగా అనేసి వదిలేసే మాట కాదిది. గోల్ కొట్టడమనే పనితనానికి ఏం కావాలో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అప్పటి ఏర్పాటు ఎలా ఉండేదో ముందు చూడాలి. 1960ల్లో, 70ల్లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ ఆటగాళ్ళంతా కాగితం మీద అమెచ్యూర్లే. సీజన్ మొదట్లో దల్‌బదల్ వేళ, అంటే ఆటగాళ్ళు క్లబ్బులు మారే వేళ, చేతులు మారే డబ్బు గురించి ఊరందరికీ తెలుసు, లెక్కల్లో మాత్రం ఉండదు. ఆ డబ్బు వచ్చే ఏడాది వస్తుందన్న భరోసా లేదు. ఇల్లు నడవాలంటే రైల్వేనో, పోర్టో, కస్టమ్సో, బ్యాంకో కావాలి. ఆటగాడికి ఉద్యోగం వేయిస్తామన్నది క్లబ్బు పెద్దల చేతిలో పెద్ద ఎర. పొద్దున్నే మైదాన్‌లో ప్రాక్టీసు, ఆ తర్వాత ఆఫీసులో సంతకం, మ్యాచ్ రోజున మధ్యాహ్నానికే బయటపడటం. పై అధికారి తమ క్లబ్బు అభిమాని అయితే ఫరవాలేదు, ఎదుటి క్లబ్బు అభిమాని అయితే మొహం చిట్లింపులు తప్పవు. ఇందులో దుర్మార్గమేమీ లేదు. పేద ఇళ్ళ నుంచి వచ్చిన కుర్రాళ్ళకు పింఛనుతో సహా బతుకుదెరువు చూపించిన ఏర్పాటు అది. అయితే అది ఆటగాడి రోజును రెండు ముక్కలు చేసింది. మిగతా వాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఫార్వర్డ్‌కు ఆ చీలిక ఎక్కువ నష్టం చేసిందని నా వాదన.

హబీబ్ ఇక్కడ ఆడుతున్న కాలంలోనే చెకొస్లొవేకియాలో జ్డెనెక్ నెహోడా అనే స్ట్రైకర్ ఉండేవాడు. అతనూ అమెచ్యూరే. అక్కడి సామ్యవాద ప్రభుత్వం లెక్కలో ప్రొఫెషనల్ క్రీడ అనేదే లేదు. నెహోడా ఆడిన దుక్లా ప్రాగ్ సైన్యం క్లబ్బు. అక్కడి ఆటగాళ్ళ పని మాత్రం పూర్తిగా ఫుట్‌బాలే. ఈ కాగితపు అమెచ్యూర్లతోనే ఆ దేశం 1980 మాస్కో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. దానికి నాలుగేళ్ళ ముందు, 1976 జూన్‌లో, యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్. జాగ్రెబ్‌లో వాన, బురద, ఎదుట యోహాన్ క్రాయిఫ్ ఉన్న నెదర్లాండ్స్. అదనపు సమయం ముగియడానికి ఆరు నిమిషాలుందనగా నెహోడా తలతో గోల్ కొట్టాడు. ఆట 3-1తో ముగిసింది. ఫైనల్ పెనాల్టీల దాకా వెళితే రెండో కిక్ అతనిదే, లోపలికే వెళ్ళింది. ఆఖరి కిక్ కొట్టిన పనెంకా పేరు ప్రపంచమంతా చెప్పుకుంటుంది, రెండో కిక్ ఎవరికి గుర్తుంటుంది! నెహోడా దేశం తరఫున 90 ఆటలు ఆడి 31 గోల్స్ కొట్టాడు. పశ్చిమ జర్మనీలోని డార్మ్‌స్టాట్‌కు వెళ్ళి బహిరంగంగా జీతం తీసుకునేలోపు ముప్పై ఏళ్ళు దాటిపోయాయి. ఆ రోజుల్లో తూర్పు ఐరోపా ప్రభుత్వాలు మంచి వయసులో ఉన్న ఆటగాణ్ణి బయటికి పోనిచ్చేవి కావు. స్వేచ్ఛ విషయంలో నెహోడా కంటే హబీబ్ అదృష్టవంతుడు. రోజంతా ఆటకే దక్కడం విషయంలో మాత్రం నెహోడాకు రాజ్యం ఇచ్చిన దాన్ని హబీబ్ తన జేబులోంచి కొనుక్కోవాల్సి వచ్చింది.

ఫార్వర్డ్‌కే ఎందుకు ఎక్కువ నష్టం అని అడగొచ్చు. డిఫెండర్ ఎదుటివాడి కదలికకు బదులిస్తాడు, ఫార్వర్డ్ ఇంకా జరగనిదాన్ని ముందుగా పసిగట్టాలి. తొంభై నిమిషాల్లో పది పన్నెండు సార్లు ఖాళీలోకి పరిగెత్తితే బంతి ఒకటి రెండుసార్లే వస్తుంది. మిగతా పరుగులన్నీ ఉత్తుత్తివే, కానీ వాటిలో ఒక్కటి మానేసినా బంతి సరిగ్గా అప్పుడే వస్తుంది. మైదాన్ లీగ్ నడిచేదేమో వానాకాలం. నీళ్ళు తాగిన బంతి బరువెక్కుతుంది, ఒకచోట జర్రున జారుతుంది, ఇంకోచోట బురదలో కూరుకుపోతుంది. గోల్‌కీపర్ చేతుల్లోంచి అది ఎటు చిమ్ముతుందో ముందే ఊహించి అడుగు వేసి ఉండాలి, చిమ్మాక వేస్తే లాభం లేదు. మొదటి పరుగుకూ ఎనభయ్యో నిమిషంలో పరుగుకూ తేడా లేకుండా కాళ్ళు ఉండాలంటే వ్యాయామం ఒక్కటే చాలదు. తిండి, నిద్ర, విశ్రాంతి కూడా పనిలో భాగం కావాలి. హబీబ్ కట్టుమస్తు మనిషి కాదు. అతని ఆట గురించి అందరూ ఒప్పుకునేది అలుపెరగని పరుగు. ఫార్వర్డ్ అయి ఉండి వెనక్కొచ్చి బంతి లాక్కుని, మళ్ళీ పెనాల్టీ ఏరియాలో కనబడేవాడు. అది పుట్టుకతో వచ్చిన వరమని చెప్పుకుంటే మనకు తేలిక. 1966 నుంచి 1984 దాకా పద్దెనిమిదేళ్ళు నిలిచిన కాళ్ళను వరం ఒక్కటే నిలబెట్టలేదు.

1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడటానికి పీలేతో న్యూయార్క్ కాస్మోస్ వచ్చింది. వానకు మైదానం చిత్తడి. కార్లోస్ అల్బెర్టో గోల్‌తో కాస్మోస్ ముందంజ వేస్తే, శ్యామ్ థాపా సమం చేశాడు, హబీబ్ గోల్‌తో మోహన్ బగాన్ 2-1 ఆధిక్యంలోకి వచ్చింది. చివర్లో కినాల్యా పెనాల్టీతో ఆట 2-2. ఆ పెనాల్టీ న్యాయమా కాదా అని ఈ ఊళ్ళో ఇప్పటికీ అడ్డాల్లో తేలలేదు, తేలే సూచనలూ లేవు. ఎగ్జిబిషన్ మ్యాచ్ కాబట్టి దాని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టకూడదు. అటు ప్రపంచ కప్ నెగ్గినవాళ్ళు, ఇటు రేపు ఆఫీసుకు పోవాల్సిన వాళ్ళు ఉన్న ఆ మైదానంలో, తాను కూడా ఇదే పని చేసుకు బతుకుతున్నాననే ధీమాతో దిగిన ఒక మనిషి మన పక్కన ఉన్నాడన్నది మాత్రం నిజం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. మన ఫుట్‌బాల్ స్వర్ణయుగమంతా ఉద్యోగస్తులదే కదా! 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులో పి.కె. బెనర్జీ రైల్వే మనిషి. ప్రొఫెషనల్ హబీబ్ ఉన్న జట్టుకు 1970 బ్యాంకాక్‌లో వచ్చింది కాంస్యమే. అంతకంటే పదునైన ఉదాహరణ 1958ది. ఆ ఏడాది కలకత్తా లీగ్‌ను పెద్ద క్లబ్బులను కాదని గెలిచింది ఒక ఆఫీసు జట్టు, పి.కె. ఆడిన ఈస్టర్న్ రైల్వే. మూడు పెద్ద క్లబ్బుల బయట మళ్ళీ ఇంకో జట్టు ఆ లీగ్ గెలవడానికి 61 ఏళ్ళు పట్టింది, 2019లో పీర్‌లెస్ గెలిచేదాకా. ఆఫీసు ఆటను చంపిందంటే ఈ లెక్కలు ఒప్పుకోవు.

ఒప్పుకోవు నిజమే, నేనూ ఆ మాట అనడం లేదు. ఈస్టర్న్ రైల్వే జట్టులో ఆడేవాడికి ఆఫీసూ ఆటా ఒకటే, యజమాని కోరేదీ గోల్సే. అది మన దుక్లా. ఒకచోట జీతం, ఇంకోచోట ఆట అయినప్పుడే రోజు చీలుతుంది. జకార్తా సంగతికొస్తే, ఆ జట్టును తయారు చేసింది కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిబిరంలో ఉన్నన్నాళ్ళూ ఆటగాళ్ళకు ఫైళ్ళు లేవు, హాజరుపట్టీ లేదు. తెల్లారితే ఆట, పొద్దుగూకితే ఆట గురించిన మాట. ఆ జట్టులో ఫార్వర్డ్ పనిని ఎంత లోతుగా ఆలోచించారంటే, తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ స్టాపర్ జర్నైల్ సింగ్‌ను రహీం సెమీస్‌లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. రెండు ఆటల్లోనూ అతను గోల్ కొట్టాడు. 1961లో కలకత్తా లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికంటే ముందున్న బలరాం ఆ ఆటల్లో ఎడమ అంచున ఆడుతూ అతనికి దారి చేశాడు. ఇలాంటి మార్పు పొద్దున గంటన్నర ప్రాక్టీసులో పుట్టదు. ఉద్యోగస్తులు గెలిచింది ఉద్యోగం లేనట్టు బతికిన వారాల్లో. అంటే ఆ స్వర్ణం హబీబ్ పక్షానే సాక్ష్యం చెబుతుంది.

రెండో అభ్యంతరానికి ఇంత తేలిగ్గా జవాబు దొరకదు. అది బలరాందే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు, ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్‌గా లీగ్ తెచ్చినవాడు. ముప్పై ఏళ్ళు రాకుండానే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆగిపోయింది. అప్పటికే బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) ఉద్యోగం లేకపోతే ఏమయ్యేవాడు? అప్పట్లో ఆటగాడికి బీమా లేదు, కాంట్రాక్టు లేదు. క్లబ్బు వచ్చే సీజన్‌కు ఇంకొకణ్ణి వెతుక్కుంటుంది. హబీబ్ తీసుకున్న నిర్ణయమే బలరాం తీసుకుని ఉంటే అతని బతుకు రోడ్డున పడేది. కాబట్టి హబీబ్ చేసిందే ఒప్పు, అందరూ అలాగే చేయాల్సింది అనడానికి నాకు నోరు రాదు. పనితనానికి ఏది మంచిదో బతుక్కి అది మంచిది కాకపోవచ్చు. హబీబ్ పందెం వేశాడు, కాళ్ళు అతన్ని మోసగించలేదు. ఆట మానేశాక కూడా టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్ళకు నేర్పుతూ ఆటలోనే ఉన్నాడు. పందెం గెలిచినవాణ్ణి చూసి అది పందెం కాదని మాత్రం అనుకోకూడదు.

ఇంకో ఆరోపణ కూడా ఉంది, దాన్ని పెద్దగా లెక్కచేయక్కర్లేదు: డబ్బు కోసం ఆడేవాడికి క్లబ్బు మీద ప్రేమ ఉండదని. హబీబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, మోహన్ బగాన్‌కు ఆడాడు, మహమ్మదన్‌కు ఆడాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. క్లబ్బు మారినవాడి పేరెత్తితే పళ్ళు నూరే ఈ ఊళ్ళో మూడు గ్యాలరీలూ అతన్ని ‘బడే మియా’ అనే పిలిచాయి, తమ్ముడు అక్బర్‌ను ‘ఛోటే మియా’ అన్నాయి. 1976 జులైలో ఈస్ట్ బెంగాల్ మీద 17 సెకన్లలో గోల్ కొట్టిన అక్బరే ఆ తమ్ముడు. జెర్సీ ఏదైనా పరుగు తగ్గలేదని టికెట్ కొన్నవాడికి కనిపించింది. ప్రేమను నిరూపించడానికి వాళ్ళు ఇంకేమీ అడగలేదు.

ఇప్పుడు కాంట్రాక్టులున్నాయి, ఏజెంట్లున్నారు, ఫిజియోలున్నారు. అన్నీ ఉన్నా సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో క్లబ్బులు ముందుగా విదేశీయుణ్ణే చూసుకుంటాయి. సునీల్ ఛేత్రి ఒక్కడు మినహాయింపు. అతను పుట్టిందీ సికింద్రాబాద్‌లోనే, 2002లో ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టింది మోహన్ బగాన్‌లోనే. 2024 జూన్ 6న సాల్ట్ లేక్ స్టేడియంలో కువైట్‌తో 0-0గా ముగిసిన ఆటతో వీడ్కోలు చెప్పేనాటికి దేశం తరఫున 94 గోల్స్. మరుసటి ఏడాది అతన్ని తిరిగి పిలవాల్సి వచ్చింది. అతని తర్వాత ఎవరన్నదానికి జవాబు దొరకలేదు మరి. ఛేత్రి తిండి గురించి, నిద్ర గురించి ఎంత పట్టింపుగా ఉంటాడో అందరూ చెప్పుకుంటారు. హబీబ్ తనంత తానుగా కట్టుకున్న క్రమశిక్షణే అది. అంటే కాంట్రాక్టు రోజును ఖాళీ చేసి ఇవ్వగలదు, ఆ ఖాళీని దేనితో నింపాలో నేర్పలేదు.

క్లబ్బుల్లో స్థానం దొరకని కుర్రాళ్ళకు ఇవాళ్టికీ దిక్కు స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే. తెలంగాణ నుంచో ఆంధ్ర నుంచో వచ్చిన ఇరవై ఏళ్ళ ఫార్వర్డ్ చేతికి రైల్వే నియామకపత్రం వస్తే కాదనమని చెప్పను, బలరాం కథ తెలిసి అలా చెప్పలేను. చెప్పాల్సింది ఆ పత్రం ఇచ్చేవాళ్ళకు. ఉద్యోగం ఇవ్వండి, సీనియారిటీ మొదటి రోజు నుంచే లెక్కగట్టండి, జీతం ఇవ్వండి. ఆట ఆగేదాకా మాత్రం సంతకానికి పిలవకండి. అతను గోల్ ముందు నిలబడగలిగే ఏళ్ళు పదో పన్నెండో, ఆ తర్వాత పాతికేళ్ళు మీ కుర్చీలోనే ఉంటాడు.