బాపమ్మ చుట్టిన సకినం

కరీంనగర్ వెండి తీగపనిని దగ్గర పెట్టుకొని చూస్తే, అందులో నున్నటి తీగ తక్కువే కనిపిస్తుంది. వెంట్రుకంత సన్నటి రెండు తీగలను కలిపి మెలేసి, ఆ మెలికనే చుట్టలు చుట్టలుగా తిప్పి ఆకులు, పువ్వులు, నెమళ్లు కడతారు. వెలుతురు పడ్డప్పుడు మెరిసేవి ఆ మెలిక అంచులు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, అద్దాల బీరువాలో చోటు ఉంది, ఊరికి వచ్చిన పెద్దలకు జ్ఞాపికగా ఇచ్చే గౌరవం ఉంది. ఉండాల్సిందే. అయితే ఆ మెలికనే బియ్యప్పిండితో వేసి, సకినాలనే పిండివంట చుట్టే చేతులు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో వాడవాడకూ ఉన్నాయి. వాటిలో నేను బాగా ఎరిగినవి మా బాపమ్మ చేతులు. ఆమె పోయి చాలా ఏండ్లయింది. ఆమె చుట్టిన సకినమేదీ సంక్రాంతి దాటి పదిహేను రోజులకు మించి మిగిలేది కాదు, అందరం కలిసి తినేసేవాళ్లం. కాబట్టి ఆ పనితనం గురించి ఎవరో ఒకరు రాయాలి.

ఆమెది ధర్మపురి దగ్గర పల్లె. నాట్లేసింది, కలుపు తీసింది, మిగిలిన పొద్దంతా బీడీలు చుట్టింది. బతుకమ్మ పేర్చడంలో వాడలో ఆమెకు పేరుంది. పాత చీరెలతో కుట్టిన బొంతలు ఇప్పటికీ మా ఇంట్లో రెండున్నాయి. అవన్నీ బాగుండేవి. కానీ బతుకమ్మలు ఆమెకన్నా బాగా పేర్చినవాళ్లను చూశాను, సకినాలు ఆమెకన్నా బాగా చుట్టినవాళ్లను మాత్రం చూడలేదు. మనవడిని కాబట్టి అంటున్నానని అనుకుంటే అనుకోండి.

పని ముందురోజు రాత్రి మొదలయ్యేది. కొత్త బియ్యం నానబోసి, పొద్దున నీళ్లు వంచి, బట్ట మీద కాసేపు ఆరబోసి, గింజలో తడి ఉండగానే గిర్నికి పంపేది. పొడి బియ్యం పట్టిస్తే ఆ రాపిడికి పిండి దెబ్బతిని నీళ్లు ఎక్కువ తాగుతుంది. నానిన గింజ మెత్తగా విరుగుతుంది, పిండి వెన్నలా వస్తుంది. పట్టించిన పిండిని జల్లెడ పట్టి, నువ్వులు, ఓమ, ఉప్పు వేసి, నీళ్లు చిలకరిస్తూ కలపాలి. ఇక్కడే ఉంది తిరకాసు. గోధుమపిండిలో సాగే గుణం ఉంటుంది, దాన్ని లాగినా తెగదు. బియ్యప్పిండికి ఆ గుణమే లేదు. సకినం తీగ నిలబడాలంటే తడి, వేళ్ల ఒత్తిడి, ఈ రెండే దిక్కు. దానికి తోడు మధ్యమధ్యలో నువ్వుగింజ అడ్డం వస్తుంది. నువ్వు ఉన్నచోట తీగ తెగాలి నిజానికి. మురుకులకు గొట్టం ఉంది, పిండి నింపి ఒత్తితే తీగ అదే వస్తుంది. సకినానికి గొట్టం బొటనవేలు, చూపుడువేలు.

పిండిముద్దను అరచేతిలో మిగతా మూడు వేళ్లతో పట్టుకొనేది. బొటనవేలు చూపుడువేలి మీద ముందుకు దొర్లుతుంటే పిండి మెలిపడుతూ కిందికి జారేది. వేళ్లు తీగను పేనుతుంటే, మణికట్టు దాన్ని గుండ్రంగా నడిపించేది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ రెండూ ఒకేసారి కుదరవు, మెలిక పడితే గుండ్రం పోతుంది, గుండ్రం వస్తే మెలిక పోతుంది. మా అక్కలకు నేర్పేటప్పుడు ఆమె ఒక్కటే అనేది: "బొటనేలు ఉరుకొద్దు బిడ్డా, చెయ్యి ఉరుకాలె." నిజమే, ఆమె బొటనవేలు ఎప్పుడూ ఒకే నిదానంలో కదిలేది. ఆ నిదానం బీడీల నుంచి వచ్చిందని నా అనుమానం. గోదావరి అవతల ఆదిలాబాద్ అడవుల్లో కోసిన తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీల లెక్క ఒప్పజెప్పే వేళ్లవి. ఏడాది పొడుగునా కూలికి చుట్టిన వేళ్లు పండుగ వారం మాత్రం ఇంటికోసం చుట్టేవి.

ఆమె సకినం నాలుగు చుట్లు. మొదటి చుట్టు నడుమ చిటికెనవేలు పట్టేంత ఖాళీ ఉండేది. తర్వాతి చుట్టు ముందుదాన్ని అంటీఅంటనట్టు ఆనుకొనేది. గట్టిగా అతికితే అక్కడ నూనె దూరక లోపల మెత్తగా మిగిలిపోతుంది, ఎడం ఎక్కువైతే ఎత్తేటప్పుడు విడిపోతుంది. ముద్ద అయిపోయి కొత్త ముద్ద తీసుకున్న చోట అతుకు ఎక్కడుందో నాకు ఒక్కసారీ దొరకలేదు. మెలిక మీద మెలిక పడేలా కలిపేది కావచ్చు. కింద పరిచిన తెల్ల బట్ట ఊరికే పరిచింది కాదు, అది పిండిలోని నీటిని పీల్చుకుంటుంది. పచ్చిగా ఉన్న సకినాన్ని మూకుట్లో వేస్తే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై అది పేలుతుంది, నూనె మొహాన పడుతుంది. మరీ ఆరితే పళ్లెం మీదికి తీసేలోపు ముక్కలవుతుంది. ఆ నడిమి గడియను ఆమె చేతి వెనక వైపుతో తాకి చెప్పేది. పల్లినూనెలో ఎర్రబడకముందే తీసేది. సకినం తెల్లగానే ఉండాలి, కరకరలాడాలి. ఎర్రటి సకినం ఎవరింట్లో కనబడినా ఆమె ఏమీ అనేది కాదు, తినేది కూడా కాదు.

ఈ పని ఒక్కరితో అయ్యేది కాదు. ఇవాళ మా ఇంట్లో, రేపు పక్కింట్లో, వాడలోని ఆడవాళ్లంతా బదులు చేసుకునేవాళ్లు. ఒకే బట్ట మీద అయిదారుగురు చుట్టినా ఏది ఎవరిదో చెప్పేయవచ్చు. ఒకరిది బిగువు, ఒకరిది వదులు, ఒకరి చుట్టు కోడిగుడ్డులా సాగేది.

అన్నం పండుగనాటి తిండిగా ఉన్న కాలం బాపమ్మది. రోజూ జొన్నగటక, మక్కగటకే. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువలో పారాక జిల్లా వరి జిల్లా అయింది. అంతకుముందు కుంచెడు బియ్యం పిండి చేయడమంటే మాటలు కాదు. ఒక్క సకినం విరిగినా ఆమె ముఖం ఎందుకు మారేదో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

మా మేనత్తను మంచిర్యాలలో ఇచ్చారు. ప్రతి సంక్రాంతికీ సకినాల డబ్బా ధర్మపురిలో బస్సెక్కి, రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్సెట్టిపేట మీదుగా వెళ్లేది. అడుగున మెత్తటి బట్ట, సకినాలు పడుకోబెట్టకుండా అంచుల మీద నిలబెట్టి వరుసలు, సందుల్లో విరిగిన ముక్కలు. తర్వాత ఇవే డబ్బాలు కొడుకులతో, అల్లుళ్లతో దుబాయికి, మస్కట్‌కు వెళ్లాయి. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ బాట పట్టిన ఇండ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు.

తమిళనాడులోని మణప్పారై మురుక్కుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సకినానికీ అడగాలని కొందరంటారు. అడగవచ్చు. నాకైతే ఇప్పుడు కరీంనగర్‌లో కిలోల లెక్కన సకినాలు చుట్టి అమ్ముతున్న ఆడవాళ్లకు చుట్టుకు తగిన కూలి గిట్టడం ముఖ్యమనిపిస్తుంది. కొనేవాళ్లు తూకం చూస్తారు, రంగు చూస్తారు. మెలిక చూసేవాళ్లు తక్కువ. పలచటి తీగకు సమయం ఎక్కువ పడుతుంది, తూకం తక్కువ వస్తుంది. బాపమ్మ లాంటి చెయ్యికి ఆ బేరంలో నష్టమే.

ఇంట్లో ఆ చెయ్యి ఎవరికి వచ్చిందన్న పంచాయితీ ఇంకా తేలలేదు. మేనత్తవి బాపమ్మవంత సన్నగా ఉంటాయి కానీ చివరి కొసను బయటికి వదిలేస్తుంది. బాపమ్మ కొసను లోపలి చుట్టుకు నొక్కి మాయం చేసేది. మా పెద్దక్క కొస మాయం చేస్తుంది, తీగ మాత్రం లావు. కొస వదిలితే పట్టుకొని విరవడానికి వీలని మేనత్త వాదన. పోయినేడు పండుగకు ఇద్దరూ ఒకే బట్ట మీద చుట్టారు, ఒకరి వరుసలోకి ఒకరు తొంగి చూడకుండా.