వంతకు చోటిచ్చిన వాగ్గేయకారుడు

కచేరీలో భద్రాచల రామదాసు కీర్తన వినాలంటే చాలాసార్లు చివరిదాకా కూర్చోవాలి. ప్రధాన రాగం, నెరవు, తని ఆవర్తనం అన్నీ అయ్యాక, చివర్లో పాడే చిన్న పాటల్లో, అంటే తుక్కడాల్లో ఒకటిగా వస్తుంది. నిజామాబాద్, బోధన్ వైపు ఊళ్ల భజనల్లో మాత్రం ఆయనదే పెద్దపీట. ఆయన పనితనం పూర్తిగా తెలిసేది అక్కడేనని నా నమ్మకం.

రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దం వాడు. నేలకొండపల్లిలో పుట్టి, తానీషా ఏలుబడిలో పాల్వంచ తహసీల్దారై, రాముడి గుడి కోసం గోలకొండ చెరసాల పాలైన కథ అందరికీ తెలుసు. ఆయన పాటను ఎలా కట్టాడన్నదే ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

చరణాలు ఎన్ని ఉన్నా చాలా కీర్తనల్లో ధాతువు, అంటే పాట వరుస ఒక్కటే. ఒక చరణం పట్టుబడితే మిగతావన్నీ వచ్చేసినట్టే. ముందుండి పాడే ఆయన చరణం ముగించగానే వంతవాళ్లు పల్లవి అందుకుంటారు. ఆ కాసేపట్లోనే ఆయన ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి చరణం గుర్తు చేసుకుంటాడు. గుర్తు రాకపోతే ప్రాస ఆదుకుంటుంది. పాదం పాదానికీ రెండో అక్షరం ఒక్కటే అయినప్పుడు, తప్పిపోయిన మాట ఆ అక్షరం పట్టుకుని తిరిగొస్తుంది. అక్షరం ముక్క రానివాళ్లు కూడా పది చరణాలు పొల్లుపోకుండా పాడేది ఇందుకే. చివరి చరణంలో రామదాసు ముద్ర వినపడిందంటే డోలక్ మనిషికి అది సైగ. నడక పెరుగుతుంది, తాళాలూ చిరుతలూ జోరందుకుంటాయి. చిరుతల రామాయణం ఆడే ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఆ దరువు కాళ్లకు కొత్తేమీ కాదు.

'పలుకే బంగారమాయెనా'నే తీసుకోండి. ఆనందభైరవి రాగం. ఆరోహణ స గ రి గ మ ప ద ప స. మెట్టు మెట్టుగా ఎక్కదు. షడ్జం నుంచి నేరుగా గాంధారానికి పోయి, రిషభానికి వెనక్కొచ్చి, మళ్లీ గాంధారం తాకి ముందుకు సాగుతుంది. అడగాలని నోరు తెరిచి, ఆగి, మళ్లీ అడిగే మనిషి ఆ మెలికలో ఉన్నాడు. లాలిపాటల్లో, పెళ్లిపాటల్లో ఇళ్లలో వినిపించే రాగమే కాబట్టి స్వరజ్ఞానం లేని గొంతు కూడా ఆ వంపు దగ్గర తడబడదు. శ్యామశాస్త్రి ఇదే రాగాన్ని 'మరి వేరే గతి'లో ఎంతో లోతుకు తీసుకెళ్లాడు. అది పాడాలంటే గురువు కావాలి, ఏళ్ల సాధన కావాలి. త్యాగరాజు 'చక్కని రాజ మార్గము'లో ఒకే పల్లవి సంగతి వెంట సంగతిగా విచ్చుకుంటుంది. అదీ సాధన మీద వచ్చేదే. కానీ జనం కలిసి పాడుకునే పాట విలువ త్యాగరాజుకు తెలుసు. దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు అందుకే రాశాడు. ప్రహ్లాద భక్తి విజయంలో రామదాసును భక్తితో తలచుకున్నాడు. ఆయన మొక్కిన వాడిని మనం తుక్కడాలకు నెట్టేయడం నాకు మింగుడుపడదు.

ఇందూరు (నిజామాబాద్) సీమలో రామదాసు పాటకు తోడుగా ఇంకొన్ని బాణీలు ఉన్నాయి. మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి అవతల మహారాష్ట్రే కాబట్టి, తెలుగు గొంతులు తుకారాం అభంగం ఎత్తుకోవడం ఇక్కడ మామూలు. తుకారాం కూడా గోపన్న శతాబ్దం వాడే. నిజామాబాద్ ఖిల్లా రామాలయాన్ని స్థాపించాడని చెప్పుకునే సమర్థ రామదాసుదీ అదే కాలం. నిజాంసాగర్ నీళ్లు పారాక, 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మొదలయ్యాక, కోస్తా నుంచి రైతులు వచ్చి వర్ని, బోధన్ చుట్టూ క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ల వెంట వాళ్ల భజన బాణీలూ వచ్చాయి. ఇన్ని రకాల వాళ్లు ఒక్క గుళ్లో కూర్చున్నప్పుడు, అందరికీ వచ్చిన పాట రామదాసుది.

ఇప్పుడు నా బెంగ బాణీల గురించే. ఈ తరం చెవిన పడ్డ రామదాసు చాలావరకు బాలమురళీకృష్ణ గొంతులోని రామదాసు. గొప్ప గొంతు, సందేహం లేదు. కానీ ఊరి బాణీలు వేరు. 2015 డిసెంబరులో చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. బతుకుతెరువు కోసం కుటుంబాలు చెదిరితే పాట కూడా వాళ్లతోనే పోతుంది. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు మిగిలాయి గానీ బాణీ మిగల్లేదు. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు ఆ గతి పట్టలేదంటే, సుబ్బరామ దీక్షితులు వాటిని స్వరలిపిలో రాసి 1904లో తెలుగు లిపిలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని ఉండబట్టే.

ఇవాళ ఫోను లేని ఇల్లు లేదు కాబట్టి ఆ పని మనమూ చెయ్యొచ్చు. ముందుండి పాడే పెద్దాయనను ఒక్కణ్నే కూర్చోబెట్టి రికార్డు చేస్తే సగమే దక్కుతుంది. వంత ఎక్కడ అందుకుంటుందో, ఏ చరణం దగ్గర నడక మారుతుందో తెలియాలంటే భజన మొత్తం, అన్ని చరణాలతో తీయాలి. ఏ ఊరి బాణీ, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ మొదట్లోనే ఆయన నోట చెప్పించాలి. సంగీతం నేర్చుకునే పిల్లలు తర్వాత తీరిగ్గా స్వరలిపిలో రాసుకుంటారు.