ఒక్క కణం లెక్క

రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లవాడికి నెల రోజుల వైద్యం అయ్యాక ఎముక మూలుగ పరీక్ష చేస్తారు. చాలామందికి రిపోర్టు బాగానే వస్తుంది. "జబ్బు కణాలు కనబడటం లేదు" అంటారు డాక్టరు. ఆ వెంటనే, ఇంకో రెండు రెండున్నరేళ్ళు మందులు వాడాలని చెబుతారు. "తగ్గిపోయింది కదండీ, మళ్ళీ ఇన్నాళ్ళెందుకు?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పిన మనిషి రోగుల్ని చూసే డాక్టరు కాదు. అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో చిట్టెలుకల మీద మందులు పరీక్షిస్తూ జీవితం గడిపిన జీవరసాయన శాస్త్రవేత్త హోవర్డ్ స్కిప్పర్.

మందు మనిషి దాకా రాకముందు జరిగే ఈ పనిని ప్రీక్లినికల్ పరిశోధన అంటారు. పత్రికలు దాన్ని "ఎలుకల్లో పనిచేసింది" అన్న ఒక్క ముక్కతో సరిపెడతాయి. అందులో ఉన్న పనితనానికి అది న్యాయం కాదని నా అభిప్రాయం.

స్కిప్పర్ 1946లో సదరన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. రెండేళ్ళకు, 1948లో, బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే మందుతో ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వచ్చిన పిల్లలకు జబ్బు తగ్గిందని ప్రకటించాడు. ఆ మందు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. దాని తోబుట్టువే నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. అయితే ఫార్బర్ చూసిన పిల్లల్లో కొద్ది నెలలకే జబ్బు తిరగబెట్టింది. మందు పనిచేస్తూనే ఎందుకు ఓడిపోతోంది? స్కిప్పర్ పట్టుకున్న ప్రశ్న ఇదే.

అతని చేతిలో ఉన్న సాధనం ఎల్ 1210 అనే ఎలుక ల్యుకేమియా. జబ్బు ముదిరిన ఎలుక పొట్టలోంచి కణాలున్న ద్రవం తీస్తారు. గళ్ళు గీసిన గాజు పలక మీద ఒక చుక్క వేసి, మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెడతారు. ఆ ద్రవాన్ని పదింతలు, మళ్ళీ పదింతలు పలచన చేస్తూ పోతారు. ఒకే వంశానికి చెందిన, ఒకే ఈడు ఎలుకల్ని గుంపులుగా విడదీసి ఒక గుంపుకు లక్ష కణాలు, తర్వాతి గుంపుకు పదివేలు, ఆపైన వెయ్యి, అలా ఒక్క కణం దాకా ఎక్కిస్తారు. మందేమీ ఇవ్వరు. ఏ గుంపు ఏ రోజున చనిపోయిందో రాసుకుంటారు.

ఎల్ 1210 కణాలు సుమారు పన్నెండు గంటలకోసారి రెట్టింపవుతాయి. వంద కోట్లకు చేరితే ఎలుక బతకదు. ఒక్క కణం నుంచి అంత కావడానికి ముప్పై రెట్టింపులు, అంటే పదిహేను రోజులు చాలు. ఎక్కించిన కణాలు పదో వంతుకు తగ్గినప్పుడల్లా చావు రెండు రోజులకు కాస్త తక్కువగా వెనక్కి జరుగుతుంది. ఈ పట్టిక చేతిలో ఉంటే లెక్కను తిరగేయవచ్చు. మందు వేసిన ఎలుక ఎన్నాళ్ళు ఎక్కువ బతికిందో చూసి, ఒంట్లో ఎన్ని కణాలు మిగిలాయో చెప్పవచ్చు. కంటికి కనబడనిదాన్ని రోజులతో కొలవడమన్నమాట.

1964లో స్కిప్పర్, అతని సహచరులు షేబెల్, విల్‌కాక్స్ ప్రచురించిన పత్రంలో రెండు సంగతులు తేలాయి. ఒక్క కణం మిగిలినా చాలు, ఎలుక చనిపోవచ్చు. రెండోది, ఒక మోతాదు చంపేది ఇన్ని కణాలని కాదు, ఇంత శాతమని. లక్షలో 99 వేలు చంపిన మోతాదు, వెయ్యి మాత్రమే ఉన్నప్పుడు 990 చంపి పదింటిని వదిలేస్తుంది.

దీన్ని మనిషికి వేసి చూడండి. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో సుమారు లక్ష కోట్ల కణాలుంటాయి. 99.9 శాతం చచ్చినా వంద కోట్లు మిగులుతాయి. మైక్రోస్కోపులో మాత్రం మూలుగ శుభ్రంగానే కనిపిస్తుంది. ఫార్బర్ చూసిన పిల్లలకు జబ్బు ఎందుకు తిరగబెట్టిందో ఇక్కడ అర్థమవుతుంది. అమెరికాలోనే బెథెస్డాలో ఉన్న జాతీయ క్యాన్సర్ సంస్థలో డాక్టర్లు ఫ్రై, ఫ్రైరైక్ ఈ లెక్కల్ని నమ్మారు. 1960ల్లో నాలుగు మందులు కలిపి, జబ్బు కనబడకుండా పోయాక కూడా ఆపకుండా ఇచ్చారు. అప్పట్లో అది క్రూరమన్నవాళ్ళున్నారు. లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా వచ్చిన పిల్లల్లో, మంచి వైద్యం అందేచోట, ఇప్పుడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

ఎల్ 1210కి హద్దులూ ఉన్నాయి. అందులో దాదాపు కణాలన్నీ ఎప్పుడూ విభజన చెందుతూనే ఉంటాయి. ఊపిరితిత్తుల్లోనో పేగుల్లోనో పెరిగే గడ్డల్లో చాలా కణాలు నిద్రలో ఉంటాయి. విభజన చెందే కణాన్ని కొట్టే మందు వాటిని తాకదు. ఎలుక ల్యుకేమియాతో వడపోసిన మందులు గడ్డల మీద తేలిపోవడానికి ఇదొక కారణం. అందుకే జాతీయ క్యాన్సర్ సంస్థ 1990 నాటికి మొదటి వడపోతను అరవై రకాల మానవ క్యాన్సర్ కణాల మీదికి మార్చింది. ఇప్పుడు రోగి గడ్డలోని ముక్కనే రోగనిరోధకశక్తి లేని ఎలుకలో పెంచి చూస్తున్నారు.

స్కిప్పర్‌కు 1974లో లాస్కర్ అవార్డు వచ్చింది. ఎలుకలు చనిపోయిన రోజుల్ని బట్టి అతను ఊహించిన ఆ మిగులు కణాల్ని నేడు ఫ్లో సైటోమెట్రీ యంత్రం నేరుగా లెక్కపెడుతోంది. మన పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లోనూ ఈ పరీక్ష ఉంది. మూలుగలో పదివేల కణాలకు ఒకటి దొరికినా సరే, ఆ పిల్లవాడికి వైద్యం ఇంకా గట్టిగా ఇవ్వాలా అని డాక్టర్లు ఆలోచిస్తారు.