మెరుపు మీద పాచి

“ఏసింది మీరే, మళ్ల తీసేది గూడ మీరేనా సారూ?”

నల్లగొండ వైపు నుంచి వచ్చే ఒక రైతు మొన్న నన్నడిగిన మాట ఇది. మూడేళ్ల కిందట ఆయన తుంటి కీలు మార్చింది నేనే. బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడింది. మన దగ్గర నలభైల్లోనే తుంటి మార్పిడికి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే కథ. ఎక్స్‌రే చూస్తే వంక పెట్టడానికి లేదు. ఎముక లోహాన్ని గట్టిగా పట్టేసుకుంది. కానీ పాత కుట్టు పక్కన చిన్న బుడిపె, అందులోంచి బొట్టుబొట్టుగా చీము.

కీలు దాకా దారి పడ్డ పుండు కనబడితే ఇంకే రుజువూ అక్కర్లేదు, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నట్టే. పుస్తకంలో ఉన్న ఆ మాట నాకూ తెలుసు. అయినా మాత్రలు రాశాను. చీము ఆగింది. ఆపగానే మళ్లీ కారింది. మళ్లీ రాశాను. ఇలా ఐదు నెలలు. ముచ్చటగా కుదిరిన పనిని మన చేత్తో మనమే ఊడబెరకాలంటే మనసు ఎన్ని సాకులు వెతుకుతుందో ఆ ఐదు నెలల్లో తెలిసింది.

మాత్రలు ఎందుకు పనిచేయవో చెప్పడానికి డాక్టర్లు బయోఫిల్మ్ అంటారు. మన ఇళ్లలో దానికి ఎప్పటినుంచో మంచి పేరుంది: పాచి. నీళ్ల ట్యాంకు గోడకు పట్టేదీ, పొద్దున్నే పళ్ల మీద ఉండేదీ అదే జాతి. మన చర్మం మీద ఊరికే పడి ఉండే స్టాఫైలోకోకస్ లాంటి సూక్ష్మజీవి లోహం మీద చేరితే, చుట్టూ జిగురు అల్లుకుని అందులో మగతగా పడుకుంటుంది. లోహానికి రక్తనాళాలుండవు, తెల్లరక్తకణాలు అక్కడికి నడిచి రాలేవు. మందు పైపైన తిరిగేవాటిని చంపుతుంది, జిగురులో ఉన్నవి మిగులుతాయి. నోట్లో పాచి పుక్కిలిస్తే పోదు కదా, తోమాలి. మొదటి మూడు నాలుగు వారాల్లోనే పట్టుకుంటే కీలును ఉంచి, చుట్టూ కడిగి, విడదీయగలిగిన బంతినీ ప్లాస్టిక్ గిన్నెనూ మార్చి గట్టెక్కవచ్చు. నెలలు గడిచాక ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక మిగిలింది తీయడమే. వేయడానికి గంటన్నర పట్టిన కీలు తీయడానికి ఒక్కోసారి నాలుగు గంటలు. తొడ ఎముకను పైనుంచి జానెడు దూరం పొడుగ్గా కోసి తలుపులా తెరిస్తే గానీ లోపలి కాడ వదలదు. పని అయ్యాక ఆ తలుపును తీగలతో కట్టి మూస్తాం. రెండు వారాల ముందే యాంటీబయాటిక్ ఆపేస్తాం, లేకపోతే ల్యాబ్‌లో క్రిమి మొలవదు. ఐదారు చోట్ల నుంచి కండ ముక్కలు తీస్తాం, ఒక్కో ముక్కకు ఒక్కో శుభ్రమైన కత్తి. ఒక ముక్కలో మాత్రమే పెరిగితే అది చర్మం మీది మురికి కావచ్చు. రెండింటిలో ఒకే క్రిమి పెరిగితే దొంగ దొరికినట్టు. కొన్ని క్రిములకు బద్ధకం ఎక్కువ, రెండు వారాలు ఆగాలి.

ఖాళీ అయిన చోట మందు కలిపిన సిమెంటుతో తాత్కాలికపు కీలు పోసి పెడతాం. ఇల్లు కట్టే సిమెంటు కాదు, కట్టుడు పళ్ల చిగుళ్లకు వాడే అక్రిలిక్ జాతిది. కలుపుతుంటే ముక్కు అదిరే వాసన, గట్టిపడేటప్పుడు చేయి చురుక్కుమనే వేడి. ఆ వేడికి చావని జెంటామైసిన్‌ను అందులో కలపవచ్చని కనిపెట్టి 1970లో ప్రకటించినవాడు జర్మనీలో హాంబర్గ్ సర్జన్ బుఖోల్జ్. సిమెంటులోంచి ఎలాగూ కొన్ని రసాయనాలు ఊరుతున్నాయి కదా, మందు మాత్రం ఎందుకు ఊరదు అన్నది ఆయన తర్కం. ఎంత సాదా ఆలోచన! చెడ్డ కీలు తీసి, కడిగి, అదే పూట కొత్తది వేసే పద్ధతిని నిలబెట్టిందీ ఆయనే. 1981లో 583 మంది లెక్క చెబితే, మొదటి మార్పుతోనే నూటికి 77 మందికి ఇన్ఫెక్షన్ పోయింది.

తాత్కాలికపు కీలు పెట్టి రెండుసార్లు కోసే పద్ధతిలో మధ్యలో రెండు మూడు నెలలు వాకర్‌తో గడపాలి. ఏది మేలని బ్రిటన్, స్వీడన్లలో 140 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. మూడు నెలలప్పుడు ఒక్కసారి కోయించుకున్నవాళ్లు ముందున్నారు. ఏడాదిన్నరకు నొప్పిలో, నడకలో రెండు జట్లూ సమానమే. నేను మాత్రం ఈ రైతు విషయంలో రెండుసార్ల దారే పట్టాను. ఏ క్రిమో తేలకుండా కొత్త కీలు వేసే ధైర్యం నాకు రాలేదు.

మూడో దారీ ఉంది, ఆక్స్‌ఫర్డ్ సర్జన్ గర్డిల్‌స్టోన్ పేరుతో: కీలు తీసేసి ఊరుకోవడం. కాలు అంగుళమో రెండంగుళాలో పొట్టిదవుతుంది, కుంటు మిగులుతుంది. కానీ కింద బాసిపట్టు వేసుకోవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. కొత్త కీలుతో మేం వద్దనేవన్నీ అందులో చేయవచ్చు. పొలంలో కూర్చుని కలుపు తీసే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. ఆయనకు ఇదీ వివరించాను. కాసేపు ఆలోచించి, “కుంటుతోని గట్టు మీద నడువలేను సారూ” అన్నాడు.

తీసిన కీలును ల్యాబ్‌కు పంపే ముందు ఫొటో తీసుకున్నాను. అక్కడ దాన్ని ధ్వని తరంగాలతో కుదిపి, రాలిన పాచిని పెంచి చూస్తారు. మర్నాడు ఆయన మంచం దగ్గర ఫోన్‌లో ఆ ఫొటో చూపించాను. తళతళలాడుతోంది. పాచి ఆనవాలు కంటికి ఆనదు. ఆయన వేళ్లతో పెద్దది చేసి చూశాడు, పక్కకు జరిపి చూశాడు.

“మంచిగనే ఉన్నది గద సారూ. ఇంకెవలకన్న ఏస్తరా?”

వేయం అన్నాను. సంక్రాంతి దాటాక ఆయనకు రెండో ఆపరేషన్.